ఇంటి ఆవరణలో పేవింగ్ రాళ్లు పరచడం: తవ్వకం నుంచి సందుల్లో ఇసుక దాకా

పేవింగ్ రాళ్ల గురించి నన్ను అడిగేవారి ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. పరిచిన ఏడాదికే ఒక మూల కుంగిపోయింది, వాన పడితే గుమ్మం ముందు నీళ్లు నిలుస్తున్నాయి, అంచు వరుస పక్కకు జరిగి సందులు విచ్చుకున్నాయి అంటారు. ఈ మూడింటిలో ఒక్కదానికి కూడా రాయి కారణం కాదు. రాయి కింద ఏం వేశారు, దాన్ని ఎంత గట్టిగా అణిచారు, పైన పడిన నీటికి ఎటు దారి ఇచ్చారు అన్నవే కారణాలు. అందుకే ఈ మార్గదర్శిలో రాళ్లు పేర్చడం గురించి కన్నా అంతకుముందు చేయాల్సిన పని గురించే ఎక్కువగా రాశాను.

ఇక్కడ చెప్పేది రాళ్ల కింద సిమెంటు వాడకుండా, కంకర పునాది మీద ఇసుక పరిచి రాళ్లు పేర్చే పద్ధతి. నడక బాటకు, పెరట్లో కూర్చునే అరుగుకు, కారు నిలిపే చోటుకు ఇది సరిపోతుంది. ఎప్పుడైనా రాళ్లు ఎత్తి మళ్లీ పరుచుకోవచ్చు కాబట్టి, సొంతంగా చేసుకునేవారికి నేను ఈ పద్ధతినే సూచిస్తాను.

1. ముందు నీటి దారి చూడండి

గునపం పట్టుకునే ముందు ఒకసారి వానలో ఆ స్థలాన్ని గమనించండి. వానాకాలం కాకపోతే గొట్టంతో ఓ పావుగంట నీళ్లు వదిలి, అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూసి, ఒక కాగితం మీద బాణపు గుర్తులు వేసుకోండి. తరువాత తీసుకునే కొలతలన్నీ ఈ కాగితం మీదే ఆధారపడతాయి.

పరిచిన తలం ఇంటి గోడ నుంచి బయటికి వాలి ఉండాలి. మీటరుకు 1.5 నుంచి 2 సెంటీమీటర్ల వాలు సరిపోతుంది. ఇంత వాలు కంటికి పెద్దగా కనిపించదు, కుర్చీ వేసుకుంటే ఊగదు, నీరు మాత్రం నిలవదు. మీటరుకు 1 సెంటీమీటరు కన్నా తగ్గితే రాళ్ల మధ్య ఉండే చిన్న హెచ్చుతగ్గులే నీటిని ఆపేస్తాయి.

గోడను ఆనుకుని పరిచేటప్పుడు రాళ్ల పైతలం గోడలోని తేమ నిరోధక పొరకు కనీసం 15 సెంటీమీటర్ల కింద ఉండాలి. గాలి రంధ్రాలు ఉంటే వాటిని మూయకూడదు. నేల సహజంగా ఇంటివైపే వాలి ఉంటే, గోడకు, రాళ్లకు మధ్య జాలీ మూత ఉన్న కాలువ ఒకటి పెట్టి, ఆ నీటిని పక్కకు మళ్లించక తప్పదు. ఆ నీరు చివరికి పూలపాదులోకో, ఇంకుడు గుంతలోకో, మురుగు కాలువలోకో చేరాలి. పక్కింటి గోడ కిందికి పోకూడదు.

తవ్వే చోట కరెంటు కేబుల్, నీటి పైపు, గ్యాస్ పైపు ఏవైనా ఉన్నాయేమో సంబంధిత సంస్థలను అడిగి తెలుసుకున్నాకే పని మొదలుపెట్టండి. పెద్ద చెట్టు ఉంటే దాని మొదలు దాకా పరచకండి. లావు వేళ్లు నరికితే చెట్టు దెబ్బతింటుంది, నరకకుండా వదిలేస్తే కొన్నేళ్లకు అవే రాళ్లను పైకి ఎత్తేస్తాయి. చెట్టు చుట్టూ విశాలంగా మట్టి వదిలి, బాటను పక్కకు తిప్పుకోవడం మేలు.

2. ఏ పనికి ఏ రాయి

మనుషులు నడిచే చోటుకు 60 మిల్లీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు పేవర్లు, కారు ఎక్కే చోటుకు 80 మిల్లీమీటర్లవి తీసుకోండి. కారు తిరిగే చోట పెద్ద పలకల కన్నా చిన్న దిమ్మెలే మంచివి. చక్రం బరువు పెద్ద పలక ఒక మూల మీద పడితే పలక విరుగుతుంది. చిన్న దిమ్మెలు మాత్రం ఆ బరువును పక్కవాటితో పంచుకుంటాయి.

సహజ రాయి అయితే రెండు విషయాలు చూడాలి. మొదటిది, పైతలం గరుకుగా ఉండాలి. నునుపు పట్టిన గ్రానైటు తడిసిందంటే కాలు జారుతుంది, ఆరుబయట దాన్ని వాడకూడదు. రెండోది, చేతితో చీల్చిన బండల మందం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది కనుక, ఒక్కో బండ కింద ఇసుకను విడిగా సర్దుకోవాలి. మొదటిసారి చేసేవారు ఒకే మందం ఉన్న పేవర్లతో మొదలుపెడితే ఆ శ్రమ తప్పుతుంది.

పేర్చే వరుసల విషయానికి వస్తే, నడక బాటకు మీకు నచ్చిన అల్లిక ఏదైనా పరవాలేదు. కారు తిరిగే చోట మాత్రం చేప ముల్లు అల్లికే (ఒక్కో రాయి చివర పక్క రాయి పక్కకు అడ్డంగా ఆనేలా మెలికలుగా పేర్చేది) వేయండి. రాళ్లు రెండు దిశల్లోనూ ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి కాబట్టి బ్రేకు వేసినప్పుడు, చక్రం తిప్పినప్పుడు వరుసలు జరగవు.

3. కొలతలు, లెక్కలు

తవ్వకం లోతు మూడు పొరల మొత్తం: కంకర, ఇసుక, రాయి. నడిచే చోటుకు అణిచిన తరువాత 100 మిల్లీమీటర్ల కంకర, బంకమట్టి నేల అయితే 150, కారు నిలిపే చోటుకు 200 నుంచి 250 మిల్లీమీటర్లు ఉండాలి. నేలలో నీరు గడ్డకట్టేంత చలి ఉండే ప్రాంతాల్లో ఇంకా మందం కావాలి. ఇసుక ఎప్పుడైనా 25 మిల్లీమీటర్లే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గోడ వెంబడి 4 మీటర్లు, గోడ నుంచి బయటికి 3 మీటర్లు ఉన్న అరుగు అనుకోండి. రాయి మందం 60 మిల్లీమీటర్లు.

- తవ్వకం లోతు: 100 + 25 + 60 = 185 మిల్లీమీటర్లు.
- అంచుకట్టు (చివరి వరుస పక్కకు జరగకుండా బయటివైపు వేసే ఆపు) నిలవడానికి మూడు వైపులా 15 సెంటీమీటర్లు ఎక్కువ తవ్వాలి: 4.3 × 3.15 = సుమారు 13.5 చదరపు మీటర్లు.
- తీయాల్సిన మట్టి: 13.5 × 0.185 = 2.5 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి పొంగి 3 ఘనపు మీటర్లు దాటుతుంది కాబట్టి దాన్ని ఎక్కడ పోయాలో ముందే చూసుకోండి.
- కంకర: 13.5 × 0.1 = 1.35. అణిచినప్పుడు కుదించుకుపోతుంది కనుక 1.25తో హెచ్చవేసి 1.7 ఘనపు మీటర్లు తెప్పించాలి.
- ఇసుక: 12 × 0.025 = 0.3. వృథాతో కలిపి 0.4 ఘనపు మీటర్లు. సందుల్లో నింపే సన్న ఇసుక వేరే.
- రాళ్లు: 200 × 100 మిల్లీమీటర్ల పేవర్లు చదరపు మీటరుకు 50 పడతాయి. 600కు 5 నుంచి 10 శాతం కలిపి 630 నుంచి 660. ఏటవాలు అల్లికకు, వంపు అంచులకు 15 శాతం దాకా కలుపుకోండి.
- వాలు: 3 మీటర్లకు మీటరుకు 1.5 చొప్పున 4.5 సెంటీమీటర్లు.

పని అయ్యాక ఓ పాతిక రాళ్లు మూలన దాచిపెట్టుకోండి. మూడేళ్ల తరువాత అదే రంగు దొరకడం కష్టం.

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- పార, గునపం, తట్ట, తోపుడు బండి
- కొలత టేపు, గట్టి దారం, కర్ర మేకులు, సుద్దముక్క
- రసమట్టం, లెవెల్ పైపు (రెండు చోట్ల ఎత్తు ఒకేలా ఉందో చూసే, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం), 2 మీటర్లకు తగ్గని వంకర లేని మట్టపలక
- బయటి కొలత 25 మిల్లీమీటర్లు ఉన్న ఇనుప పైపులు రెండు
- అద్దెకు తెచ్చుకున్న ప్లేట్ కంపాక్టర్ (ఇనుప పలకతో అదురుతూ నేలను అణిచే యంత్రం), దాని అడుగున తొడిగే రబ్బరు పట్టా
- రబ్బరు సుత్తి, వెడల్పు ఉలి, గట్టి కుచ్చుల చీపురు
- డైమండ్ బ్లేడు బిగించిన, నీళ్లు పోస్తూ కోసే యంత్రం
- కళ్లద్దాలు, చెవి మూతలు, సన్న దుమ్మును ఆపే మాస్కు, చేతి తొడుగులు, మోకాలి మెత్తలు

కంపాక్టర్ అద్దె మిగులుతుందని చేతి దిమ్మిసతోనే పని కానిచ్చేవారు ఉన్నారు. బారెడు వెడల్పు బాటకు అది చాలవచ్చు. అంతకు మించితే చేతి దెబ్బ అన్ని చోట్లా ఒకేలా పడదు. ఆ తేడా ఆ రోజు కనిపించకపోయినా వాన పడ్డాక బయటపడుతుంది.

5. దారాలు కట్టడం

నాలుగు మూలల మేకులు తవ్వే హద్దుకు ఓ అరమీటరు బయట పాతండి. సరిగ్గా మూలలోనే పాతితే తవ్వేటప్పుడు అవి కదిలిపోయి, కొలత మళ్లీ మొదటికి వస్తుంది.

మూలమట్టం సరిచూడటానికి 3-4-5 లెక్క వాడండి. మూల నుంచి ఒక దారం మీద 3 మీటర్లు, రెండో దారం మీద 4 మీటర్లు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. సరిగ్గా 5 మీటర్లు వస్తే ఆ మూల లంబకోణం. స్థలం చిన్నదైతే 1.5, 2, 2.5 మీటర్లు తీసుకోండి.

గోడ దగ్గరి దారాన్ని రాళ్ల పైతలం ఎంత ఎత్తున ఉండాలో అంత ఎత్తున కట్టండి. లెవెల్ పైపుతో ఆ మట్టాన్ని బయటి మేకు మీద గుర్తించి, అక్కడి నుంచి వాలు ఎంతో అంత కిందికి దింపి దారం బిగించండి. ఇకపై లోతులన్నీ ఈ దారాల నుంచే కొలవాలి. నేల నుంచి కొలిస్తే నేలలోని గుంటలన్నీ పనిలోకి వస్తాయి.

6. తవ్వకం, అడుగు నేల

పై మట్టిలో వేళ్లు, ఆకులు, కుళ్లిన పదార్థం ఉంటాయి. అదంతా తీసేయాలి. లోతు అందాక కూడా మెత్తటి నల్లటి మట్టే కనిపిస్తుంటే గట్టి నేల తగిలేదాకా ఇంకాస్త తవ్వి, ఆ అదనపు లోతును కంకరతో నింపండి. తీసిన మట్టిని తిరిగి పోసి అణచడం నేను ఒప్పుకోను.

అడుగు నేలకు కూడా పైన ఉండబోయే వాలే ఇవ్వండి. అడుగు చదునుగా ఉండి పైన మాత్రమే వాలు ఉంటే కంకర మందం ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అవుతుంది. పైగా కిందికి ఇంకిన నీరు గోడ పక్కనే ఆగుతుంది. గోడ దగ్గర ఇంటి పునాది అడుగు కన్నా కిందికి మాత్రం ఎప్పుడూ తవ్వకండి.

తరువాత కంపాక్టర్‌ను రెండు మూడు సార్లు తిప్పి, మడమతో గట్టిగా తొక్కి చూడండి. గుర్తు పడీ పడనట్టు ఉంటే నేల సిద్ధంగా ఉన్నట్టు. మడమ దిగబడితే నేల తడిగా ఉండి ఉండవచ్చు. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ అణచండి. బురదను ఎంత కొట్టినా గట్టిపడదు.

బంకమట్టి నేల అయితే దాని మీద జియోటెక్స్‌టైల్ వస్త్రం పరచడం మంచిది. కంకర మట్టిలోకి దిగిపోకుండా, మట్టి కంకరలోకి ఎక్కకుండా ఆపడమే దాని పని. ముక్కలు ఒకదాని మీద ఒకటి 30 సెంటీమీటర్లు ఎక్కేలా వేయండి. దాని బదులు ప్లాస్టిక్ పట్టా పరచకండి. నీరు కిందికి ఇంకక పునాదిలోనే నిలిచిపోతుంది.

7. కంకర పునాది: ఇక్కడ తొందర వద్దు

మొత్తం సమయంలో సగం ఈ పొరకే పోతే మీరు పని సరిగా చేస్తున్నట్టే.

కంకర నలిపిన రాయి అయి ఉండాలి, దాని అంచులు కోసుగా ఉండాలి. పెద్ద ముక్కల నుంచి పొడి దాకా అన్ని పరిమాణాలూ కలిసిన మిశ్రమం కావాలి. పెద్ద ముక్కల మధ్య ఖాళీలను చిన్న ముక్కలు, వాటి మధ్య ఖాళీలను పొడి నింపితేనే పొర ఒకే ముద్దగా బిగుస్తుంది. గుండ్రటి ఏటి గులకరాళ్లు ఎంత అణిచినా ఒకదాని మీద ఒకటి దొర్లుతూనే ఉంటాయి.

కంకరను ఒకేసారి పోయకుండా 75 నుంచి 100 మిల్లీమీటర్ల పొరలుగా వేయండి. ఇంటి పనికి అద్దెకు దొరికే చిన్న కంపాక్టర్ అదురు అంతకన్నా లోతుకు పోదు. 200 మిల్లీమీటర్లు ఒకేసారి పోసి అణిస్తే పైన గట్టిగా, అడుగున వదులుగా మిగులుతుంది. అప్పుడు కంపాక్టర్ ఎన్నిసార్లు తిప్పినా అడుగు భాగం బిగియదు.

తడి లేని కంకర కూడా బిగుసుకోదు. పిడికెడు తీసుకుని గట్టిగా పిసకండి. ముద్దగా నిలిచి, వేళ్ల మధ్య నుంచి నీరు కారకపోతే తడి సరిపోయింది. ముద్ద విడిపోతే కొంచెం నీళ్లు చిలకరించండి.

కంపాక్టర్‌ను అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి, ప్రతి పట్టీ ముందు పట్టీ మీద సగం ఎక్కేలా నడపండి. తరువాత అడ్డంగా అలాగే నడపండి. ఒక్కో పొరకు కనీసం నాలుగు సార్లు. పొర బిగిసిందో లేదో యంత్రం చప్పుడే చెబుతుంది: మొదట్లో మెత్తగా, బరువుగా వినిపించే మోత క్రమంగా గట్టి బండ మీద కొట్టినట్టు మారుతుంది, ప్లేటు కంకర మీద ఎగిరెగిరి పడుతుంది, హ్యాండిల్ పట్టుకున్న చేతులకు అదురు ఒక్కసారిగా పెరిగినట్టు తెలుస్తుంది. ఆ మార్పు స్థలమంతటా వచ్చేదాకా ఆపకండి. గోడ పక్కన, మూలల్లో ప్లేటు అందని చోట చేతి దిమ్మిస వాడండి.

చివరి పొర అయ్యాక మట్టపలకను అటూ ఇటూ పెట్టి చూడండి. పలక కింద 10 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ ఖాళీ కనిపిస్తే అక్కడ సన్న కంకర వేసి తిరిగి అణచాలి.

ముందుకు వెళ్లే ముందు సరిచూసుకోండి:

- దారం నుంచి కంకర దాకా లోతు అన్ని చోట్లా 80 మిల్లీమీటర్లు ఉందా? ఇసుక 25, రాయి 60 కలిపితే 85. ఆఖరి అణచడంలో రాళ్లు సుమారు 5 మిల్లీమీటర్లు దిగుతాయి, అందుకే ఆ తేడా.
- వాలు అనుకున్నవైపే ఉందా?
- పునాది రాళ్ల హద్దు దాటి మూడు వైపులా 15 సెంటీమీటర్లు సాగిందా?
- ఒక చెంబెడు నీళ్లు పోస్తే బయటివైపుకే పోతున్నాయా?

8. ఇసుక పరుపు

ఇసుక గరుకుగా, మట్టి లేకుండా కడిగినదై ఉండాలి. గోడల పూతకు వాడే సన్న ఇసుక వద్దు. రాతి పొడి కూడా ఈ పొరకు పనికిరాదు. అందులోని మెత్తటి పిండి నీటిని పట్టి ఉంచి, బరువు పడినప్పుడు బురదలా కదులుతుంది.

రెండు పైపులను వాలు వెంబడి, మట్టపలక పొడవు కన్నా తక్కువ ఎడంతో కంకర మీద పెట్టండి. మధ్యలో ఇసుక పోసి, పలకను పైపుల మీద ఆనించి మెల్లగా మీవైపుకు లాగండి. పలక ముందు ఎప్పుడూ కొంచెం ఇసుక ఉంటే గుంటలు పడవు. పైపులు తీసి, వాటి చాళ్లను ఇసుకతో నింపి తాపీతో సవరించండి.

ఈ పొరను ఇప్పుడు అణచకూడదు, దాని మీద నడవకూడదు. ఆ రోజు పేర్చగలిగినంత మేరకే సర్దండి. రాత్రి వాన పడినా, పిల్లి నడిచినా మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది.

నేను మొదటిసారి పరిచిన బాటలో ఒక మూల కంకర లోతుగా ఉండిపోతే, దాన్ని ఇసుకతోనే ఎత్తు చేశాను. ఆ మూలలో ఇసుక ఏడు సెంటీమీటర్ల మందం అయింది. ఆ రోజు రసమట్టం పెడితే బుడగ నడిమధ్యనే ఉంది. రెండు వానలు పడేసరికి సరిగ్గా ఆ మూలే పళ్లెంలా దిగిపోయింది. రాళ్లు ఎత్తి చూస్తే కంకర చెక్కు చెదరలేదు, ఇసుక మాత్రం తడిసి సర్దుకుపోయింది. ఎత్తు చాలకపోతే కంకరతోనే సరిచేయాలని అప్పుడు నాకు బోధపడింది.

9. రాళ్లు పేర్చడం

పొడవైన నేరు అంచు నుంచి మొదలుపెట్టండి. ఇంటి గోడ నేరుగా ఉంటుందని నమ్మకండి. దారం కట్టి, మొదటి వరుసను ఆ దారానికే పట్టించండి. గోడ వంకర ఉంటే ఆ తేడాను కోసిన ముక్కలతో సర్దవచ్చు.

రాయిని రెండు చేతులతో పట్టుకుని, ముందున్న రాళ్ల అంచుకు తాకించి, అలాగే నిలువుగా కిందికి జారనివ్వండి. ఇసుక మీద పెట్టి పక్కకు నెడితే రాయి ముందు ఇసుక కుప్ప పేరుకుని సందు మూసుకుపోతుంది. రాళ్ల మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. చాలా పేవర్లకు పక్కల్లో చిన్న బొడిపెలు ఉండేది ఇందుకే. సందు లేకుండా బిగించి కొడితే అంచులు రాలిపోతాయి, ఇసుక దిగడానికి చోటు ఉండదు.

పరిచిన రాళ్ల మీదే కూర్చుని ముందుకు సాగండి. ప్రతి రెండు మీటర్లకు ఒకసారి దారం అడ్డంగా లాగి వరుస నేరుగా ఉందో లేదో చూసి, తప్పినవాటిని ఉలితో మెల్లగా జరపండి. ఇసుక నింపాక ఈ సవరణ సాధ్యం కాదు.

కనీసం మూడు కట్టల నుంచి రాళ్లను కలుపుతూ తీయండి. కట్టకూ కట్టకూ రంగులో స్వల్ప తేడా ఉంటుంది. ఒక్కో కట్టను వరుసగా వాడితే నేల మీద అతుకులు వేసినట్టు పట్టీలు కనిపిస్తాయి.

10. కోతలు

నిండు రాళ్లన్నీ పేర్చాక చివర్లో ఒకేసారి కోయండి. ఖాళీ మీద రాయిని పెట్టి సుద్దతో గీత గీసి, సందుకు 2 మిల్లీమీటర్లు తగ్గించి కోయాలి. నిండు రాయిలో మూడో వంతు కన్నా చిన్న ముక్క ఎక్కడా పెట్టకండి. అలాంటి ముక్క అవసరమైతే పక్క రాయిని కూడా తీసి, రెండూ ఓ మోస్తరు ముక్కలయ్యేలా పంచండి.

కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే నయం కాని జబ్బు తెస్తుంది. నీళ్లు పోస్తూ కోసే యంత్రం వాడండి, మాస్కు పెట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. మామూలు గ్రైండర్‌కు నీళ్లు తగిలితే కరెంటు ప్రమాదం. తడి కోతకు తయారైన యంత్రం, దానికి షాక్ రక్షణ స్విచ్ రెండూ ఉండాలి.

11. అంచుకట్టు

అంచు కట్టని పేవింగ్ ఏడాది తిరక్కుండా విచ్చుకుంటుంది. నడిచిన ప్రతిసారీ, చక్రం ఎక్కిన ప్రతిసారీ రాళ్లు పక్కకు తోసుకుంటాయి. ఆ తోపును ఆపేది అంచుకట్టు ఒక్కటే.

చివరి వరుస బయటివైపు, అణిచిన కంకర మీద 10 సెంటీమీటర్ల వెడల్పున కాంక్రీటు వేసి, రాయి ఎత్తులో సగం పైదాకా బయటికి ఏటవాలుగా నున్నగా దిద్దండి. దాని మీద మట్టి కప్పితే గడ్డి పెరిగి కాంక్రీటు కనిపించదు. ప్లాస్టిక్ అంచు పట్టీలు వాడితే 30 సెంటీమీటర్లకు ఒక పొడవాటి మేకు చొప్పున కంకరలోకి దిగేలా కొట్టండి. మట్టిలోకి కొట్టిన మేకు నిలవదు. కాంక్రీటు అయితే మూడు నాలుగు రోజులు గట్టిపడనిచ్చాకే తరువాతి పనికి వెళ్లండి.

12. ఆఖరి అణచడం, సందులు నింపడం

రాళ్ల మీద ఇసుక, గులకలు లేకుండా ఊడ్చి, కంపాక్టర్‌కు రబ్బరు పట్టా తొడిగి, అంచుల నుంచి లోపలికి రెండు దిశల్లో నడపండి. పగిలిన రాళ్లు ఉంటే ఇప్పుడే మార్చండి. పలుచటి సహజ బండల మీద, పెద్ద పలకల మీద కంపాక్టర్ వద్దు. వాటిని రబ్బరు సుత్తితోనే సర్దాలి.

తరువాత బాగా ఎండిన సన్న ఇసుకను పోసి చీపురుతో ఏటవాలుగా ఊడ్చండి. తడి ఇసుక సందు పైనే అడ్డం పడి, లోపల బోలు మిగులుతుంది. మళ్లీ కంపాక్టర్, మళ్లీ ఇసుక. సందు పైనుంచి 3 మిల్లీమీటర్ల కింద దాకా నిండి, కొత్తగా వేసిన ఇసుక దిగడం మానేసేదాకా ఇలాగే చేయాలి.

గట్టిపడే గుణం ఉన్న పాలిమర్ ఇసుక వాడేవారు నీళ్లు చల్లే ముందు రాళ్ల మీద మిగిలిన పొడిని పూర్తిగా తీసేయాలి. లేకపోతే అది రాయి మీదే పాలపొరలా అంటుకుపోతుంది. ఒక రోజంతా వాన రాదని తెలిసినప్పుడే ఆ పని పెట్టుకోండి. సన్నటి తుంపరగా, సంచి మీద రాసిన కొలత ప్రకారమే తడపండి.

13. గడ్డిలో విడి అడుగురాళ్లు

ఇది సులువైన పని. ఒక రాయి నడుమ నుంచి తరువాతి రాయి నడుమకు 60 సెంటీమీటర్లు అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ ఇంట్లో వారందరినీ ఆ దారిన మామూలుగా నడవమని, వారి అడుగులు పడిన చోట గుర్తు పెట్టడమే నాకు నచ్చిన పద్ధతి. రాయి చుట్టూ పారతో గీసి, గడ్డి చెక్కను తీసి, అణిచిన కంకర ఓ 5 సెంటీమీటర్లు, ఇసుక ఓ 3 సెంటీమీటర్లు వేసి కూర్చోబెట్టండి. రాయి పైతలం మట్టికి సమంగా, గడ్డి కొనలకు కింద ఉంటే గడ్డి కోసే యంత్రం తగలదు.

14. లోపాలు, మరమ్మతులు

ఒకచోట కుంగితే: రెండు వెడల్పు స్క్రూడ్రైవర్లను ఒక రాయి రెండు చివర్ల సందుల్లో దించి, కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఎత్తుతూ బయటికి తీయండి. మొదటి రాయి వచ్చాక మిగతావి చేతికే వస్తాయి. కుంగిన మేర కన్నా ఒక వరుస ఎక్కువ తీసి, పాత ఇసుక తొలగించి, కంకరను ఎత్తు చేసి అణిచి, 25 మిల్లీమీటర్ల ఇసుక సర్ది మళ్లీ పేర్చండి. అదే చోట రెండోసారి కుంగితే కింద పైపు కారుతోందేమో చూడాలి.

నీళ్లు నిలిస్తే: ఒక గుంట అయితే పైన చెప్పినట్టే. తలం మొత్తానికే వాలు లేకపోతే పైపై సవరణలు పనికిరావు. పునాది వాలు మార్చక తప్పదు, లేదా తక్కువ మట్టం ఉన్న వైపు కాలువ పెట్టాలి.

కలుపు మొలిస్తే: కింద వస్త్రం వేయలేదని చాలామంది బాధపడతారు. కానీ కలుపు ఎక్కువగా పైనుంచి గాలికి వచ్చి సందుల్లో పడిన గింజల వల్లే మొలుస్తుంది. లేతగా ఉండగా వేళ్లతో సహా పీకి, ఖాళీ అయిన సందులను ఇసుకతో నింపండి.

తెల్లటి పొర కనిపిస్తే: కాంక్రీటు పేవర్ల సిమెంటులోని సున్నం నీటితో పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లగా తేలుతుంది. ఇది రాయి బలాన్ని తగ్గించదు. కొన్ని నెలల వానలకు చాలావరకు పోతుంది. కంగారుపడి ఆమ్లం పోస్తే రాయి పైపొర తిని రంగు చెడుతుంది.

నాచు పడితే: గట్టి బ్రష్షుతో రుద్ది, ఎండ తగిలేలా పైన వాలిన కొమ్మలు కత్తిరించండి. నీడ, తడి అలాగే ఉంటే నాచు మళ్లీ వస్తుంది.

15. మొదటి ఏడాది చేయాల్సినవి

- మొదటి పెద్ద వాన తరువాత నీరు ఎటు పోయిందో చూసి, నిలిచిన చోట సుద్దతో గీత గీయండి.
- రెండు మూడు నెలలకు సందుల్లో ఇసుక తగ్గుతుంది. ఎండ రోజు చూసి మళ్లీ నింపండి.
- ప్రెషర్ వాషర్ వాడితే నీటి ధారను రాయికి ఏటవాలుగా, దూరం నుంచి పట్టండి. నేరుగా సందులోకి కొడితే ఇసుకంతా లేచిపోతుంది. కడిగి ఆరాక సందులు తిరిగి నింపాల్సిందే.
- అంచుల వెంబడి ఆరు నెలలకోసారి నడిచి, మట్టి కొట్టుకుపోయి అంచుకట్టు బయటపడిన చోట మట్టి తిరిగి కప్పండి.